సప్తమ విజయాదిత్యుఁడు : వేంగీ సింహాసన వివాదము

రాజరాజనరేంద్రుని పేరెఱుఁగని తెలుఁగువాఁ డుండఁడు. రాజమహేంద్రవరమునఁ గొలువుదీఱి, నన్నయభట్టుచే భారతకథ నాంధ్రీకరింపఁజేసి వినుచున్న ప్రశాంతచిత్తుఁడగు ప్రభువుగా నాతఁడు మన మనస్సున నిలిచియున్నాఁడు. ఆ ప్రభువునకు సవతితమ్ముఁడుగాఁ జెప్పఁబడు విజయాదిత్యుఁ డొకఁ డుండెననియు, నాతఁ డర్ధశతాబ్దికి మించి యీ సింహాసనమునకై పోరాడి, తుదకు దానిమీఁదనే పదునైదేండ్లు గడపి గతించెననియు నెఱిఁగినవారు కొలఁదిమంది. ఎఱిఁగినవారును రాజ్యాపహారి యను నొక్కమాటతో నాతనిఁ ద్రోసిపుచ్చుట వాడుకయైనది. ఆతనిఁ గూర్చి శాసనములు నాలుగైదు చోటులఁ బలుకుచున్నవి. వానిలో నే రెండును నొక్కతీరునఁ బలుకవు. ఆ భేదమే యీ వ్యాసమునకు విషయము.

ముందుగా వివాదమునకు మూలమును జూడవలయును. 973వ సంవత్సరము దక్షిణాపథమునకు రెండువిధముల మార్పు దెచ్చినది. పడమట చాళుక్య తైలపుఁడు రాష్ట్రకూట కర్కరాజును గూలఁద్రోసి పశ్చిమచాళుక్యరాజ్యమును దిరిగి నెలకొల్పెను. ఆ యేటనే తూర్పున వేంగీరాజగు దానార్ణవుఁడు పెదకల్లు ప్రభువగు జటాచోడభీమునిచేఁ జంపఁబడెను. దానార్ణవుని కొడుకులు శక్తివర్మ, విమలాదిత్యులు దేశము విడిచి, కడకుఁ దంజావూరి రాజరాజచోళుని శరణుఁ జొచ్చిరి. వేంగీదేశ మిరువదియేడేండ్లు నాయకుఁడు లేక యుండెనని తరువాతి చాళుక్యశాసనములు చెప్పును. నిజమునకు నాయకుఁ డుండెను, ఆతఁడు జటాచోడభీముఁడు. అయితే ఆతఁడు చాళుక్యుఁడు గాఁడు గనుక శాసనకర్తల లెక్కలో నాయకుఁడు గాలేదు. మన తామ్రశాసనములు మాటాడక యూరకుండు చోటులఁ గూడఁ జదువ నేర్వవలెననుట కిది మొదటి నిదర్శనము.

క్రీ. శ. 1000 ప్రాంతమునఁ జోళసైన్యము తోడ్పాటున శక్తివర్మ తండ్రి సింహాసన మెక్కెను. ఆ తోడ్పాటు ఉచితముగ లభించినది గాదు. విమలాదిత్యునకు రాజరాజచోళుని కూఁతురు కుందవ్వ నిచ్చి పెండ్లిచేసిరి. నాఁటినుండి వేంగి చోళులకుఁ బుత్రికాగృహము. ఈ సంబంధమును గల్యాణచాళుక్యులు కన్నులార్పక చూచుచు నూరకుండఁజాలరైరి. 1006లో సత్యాశ్రయుని దండనాథుఁడు బాయలనంబి వేంగిపైఁ దాడివెడలి, ధాన్యకటకమను పూర్వనామముగల ధరణికోటను, యనమదలను దగ్ధముచేసి చేఁబ్రోలున విడిసెను. దీనికిఁ బ్రతిగా రాజరాజు తన కుమారుని రాజేంద్రుని బెద్దసేనతోఁ గన్నడదేశముమీఁదికిఁ బంపెను. స్త్రీబాలబ్రాహ్మణవధ జరిగినదని, దేశమంతయుఁ గొల్లవోయినదని 1007 నాఁటి హొట్టూరు శాసనము వాపోవుచున్నది. శత్రుపక్షము వ్రాఁత గనుకఁ గొంత తగ్గించి చదువవచ్చును గాని, వేంగిపై యుద్ధము వేంగిలోనే జరుగదనియు, దాని మంట తుంగభద్రకుఁ బడమటఁగూడ నంటుననియు నది స్పష్టపఱచుచున్నది.

ఈ చిన్నదేశముపై నిరువుర కింత పట్టుదల యేల? కృష్ణాగోదావరుల నడిమి భూమి పంటభూమి. దాని తీరమునఁ గల రేవులనుండి సముద్రవర్తకము సాగుచుండెను. శక్తివర్మ రాజరాజుల బంగారునాణెములు బర్మాదేశపు అరకాను తీరద్వీపములలోను, సయాములోను దొరకుట దీనికి సాక్ష్యము. ఇంతకంటెను ముఖ్యమైనది భూస్థితి. వేంగి కల్యాణము చేతఁ జిక్కెనా, చోళరాజ్య ముత్తరమునుండియుఁ బడమటినుండియు ముట్టడింపఁబడినట్లే. అది చోళుల చేతనుండెనా, కల్యాణమునకు వెన్నుపోటు సిద్ధముగా నుండును. చోళసేనకుఁ గళింగమునకు, నటనుండి గంగకుఁ ద్రోవ తెఱచియుండును. రాజేంద్రచోళుని గంగాదండయాత్ర నడచినది యీ త్రోవనే.

విమలాదిత్యునకు భార్య లిరువురు. కుందవ్వకుఁ బుట్టినవాఁడు రాజరాజు; మేడవమహాదేవికిఁ బుట్టినవాఁడు విజయాదిత్యుఁడు. మేడవ తెలుఁగుచోడకులపు టాఁడుబిడ్డ యని చరిత్రకారులు కొంద ఱూహించిరి. అది నిజమగుచో, తంజావూరి యల్లుఱికమునకు నెదురుగా నింటిలోనే దేశీయమగు పక్షమొకటి యుండెననవలసివచ్చును. విమలాదిత్యుఁడు 1018 ప్రాంతమున గతించెను. రాజరాజుని పట్టాభిషేకమైనది శకవర్షము 944, అనఁగా 1022వ సంవత్సరము ఆగష్టులో. నడుమఁ గల నాలుగేండ్లు ఎవ్వరివి? ఆ కాలమున విజయాదిత్యుఁడు కల్యాణపు జయసింహుని యండతో దేశము నాక్రమించియుండెననియే యిప్పటి చరిత్రకారుల నిశ్చయము.

ఇచటఁ గలిదిండి శాసనమును బేర్కొనవలెను. నేఁడేలూరు జిల్లాలోఁ జేరిన కలిదిండియందు రాజరాజనరేంద్రుఁడు మూఁడు శివాలయములను గట్టించి వానికి భూదాన మొసఁగెను. అవి దేవునికొఱకే గట్టినవి గావు. రాజేంద్రచోళుఁడు పంపఁగా వచ్చి కర్ణాటసైన్యముతోఁ బోరి మడిసిన ముగ్గురు దండనాథుల స్మరణార్థము గట్టినవి. వారు రాజరాజబ్రహ్మమహారాజు, ఉత్తమచోడ చోడగోను, ఉత్తమచోడ మిలాడుడయాను. పేర్లను బట్టియే వారు ద్రావిడులని తెలియుచున్నది. ఈ యుద్ధము 1022కుఁ బూర్వమా, 1035 ప్రాంతమా యని పండితులలో భేదాభిప్రాయము కలదు. ఏది యెట్లున్నను, రెండుప్రక్కల బలములు నన్యదేశములవే. తెలుఁగుగడ్డపైఁ గన్నడసేనయు నఱవసేనయుఁ బోరఁగా, గెలిచినవారి తరఫున గుడులు గట్టించుట మాత్రము మన రాజునకు మిగిలినది. కలిదిండిశాసనము రాజరాజుని కీర్తి కెంతయో, ఆయన పరాధీనతకును నంతయే సాక్షి.

పాములవాక శాసనము విజయాదిత్యుని పక్షమున వ్రాయఁబడినది. దానినిబట్టి 1030-31 ప్రాంతమున నాతఁడు పట్టాభిషిక్తుఁడయ్యెను. అనఁగా రాజరాజుఁడు సింహాసన మెక్కిన యెనిమిది తొమ్మిదేండ్లకే మరల దిగవలసివచ్చినది. ఎన్నేండ్లకుఁ దిరిగి వచ్చినాఁడో సరిగాఁ జెప్పు శాసనము లేదు. కాని తరువాతి శాసనములు రాజరాజుఁడు నలువదియొక్క యేండ్లు పాలించెనని యొకటే సంఖ్య వేసి, నడుమ నేమియు జరుగనట్లు సాగిపోవును.

ఆ నలువదియొక్క యేండ్ల లెక్కను కొంచెము పరిశీలింతము. పట్టాభిషేకమైన 1022నుండి గుణించినచో రాజరాజుని మరణము 1063లోఁ బడును. అయితే 1061లోనే వేంగియందు మఱియొకఁడు పట్టము గట్టుకొన్నట్లు ర్యాలి శాసనమువలనఁ దెలియుచున్నది. కావున 1022 కుదురదు. తండ్రి మరణమునుండి గుణించినచో 1060 ప్రాంతమున ముగిసి దాదాపు సరిపోవును. అనఁగా నాతని సంతతివారు, విజయాదిత్యుఁడు సింహాసనముపైఁ గూర్చుండిన మొదటి నాలుగేండ్లను, 1031 తరువాతి యేండ్లను గూడ రాజరాజుని ఖాతాలోనే జమకట్టిరని నాయభిప్రాయము. జటాచోడభీముఁడు చాళుక్యుఁడు గాకపోవుటచే నాయకరహితమని వ్రాసిరి. విజయాదిత్యుఁడు చాళుక్యుఁడే యగుటచే నట్లు వ్రాయ వీలులేక, యాతని యేండ్లను సోదరున కిచ్చివేసిరి.

1042లోఁ గల్యాణమున ఆహవమల్ల సోమేశ్వరుఁడు రాజయ్యెను. ఆతని కాలమున నీ పోరు మిక్కిలి తీవ్రమైనది. 1054లోఁ గొప్పమువద్ద జరిగిన సంగ్రామమునఁ జోళచక్రవర్తి రాజాధిరాజు ఏనుఁగుమీఁదనే హతుఁడుగాఁగా, తమ్ముఁడు రాజేంద్రుఁడు రణభూమిలోనే కిరీటము ధరించి యోటమిని గెలుపుగా మార్చెను. సోమేశ్వరుని కుమారుఁడు వేంగీపురవరేశ్వర బిరుదము వహించుటను బట్టి, రాజరాజనరేంద్రుఁడు కొంతకాలము కల్యాణమునకు లోఁబడియుండెనని తోఁచును. నందంపూఁడి శాసన మీ కాలమునదే. రాజరాజుని ముప్పదిరెండవ రాజ్యవర్షమున, 1053లో, నారాయణభట్టున కిచ్చిన యగ్రహారదానమది. దానిని రచించినవాఁడు నన్నయభట్టు. భారతరచనయందు సహాయుఁడైన నారాయణభట్టు సంస్కృత కర్ణాట ప్రాకృత పైశాచికాంధ్రభాషలఁ గవియని యందుఁ బ్రశంసింపఁబడెను. కర్ణాటభాషాపాండిత్యము కవితావిషయమే కాక రాజకార్యమునకును బనికివచ్చెనేమో యని యూహింపవచ్చును. ఊహకు మించి పోరాదు.

నన్నయ భారతము అరణ్యపర్వమధ్యమున నిలిచిపోవుటకు 1061 నాఁటి రాజ్యవిప్లవమే కారణమని చెప్పువారు కలరు. వినుట కింపుగనే యున్నది. దాయాదుల పోరు కథ యాంధ్రీకృతమగుచుండఁగా దాయాదుల పోరే దాని నాపినదనుట కావ్యోచితమగు కల్పన. అయినను శాసనములలో దీనికాధారము నాకుఁ గానరాలేదు. కవి ముసలితనముచేతనే నిలిపియుండవచ్చును.

ఇఁక ర్యాలి శాసనము. జగన్మోహినీకేశవస్వామి యాలయముచేఁ బ్రసిద్ధమైన ర్యాలి గ్రామమున దొరకిన యీ తామ్రపత్రములు విజయాదిత్యునివే. తక్కినవన్నియు నాతనిఁ గూర్చి యితరులు చెప్పినవి. ఈ పత్రములును, బాములవాకవియు మాత్రమే యాతని కంఠస్వరమును మనకు వినిపించును. రాజరాజుఁడు గతింపఁగా విజయాదిత్యుఁడు రాజ్యము గైకొనియుఁ దాను పట్టము గట్టుకొనలేదు. తన కుమారుఁడగు ద్వితీయ శక్తివర్మకు శకవర్షము 983, అనఁగా 1061లోఁ బట్టాభిషేకము చేసెను. వయసు మీఱిన తండ్రి, నలువదియేండ్లు తాను వెదకిన సింహాసనము చేతికంది రాఁగా దానిపైఁ గొడుకును గూర్చుండఁబెట్టినాఁడు. ఏడాది తిరుగకమునుపే ఆ కొడుకు మరణించెను. చోళులతోడి యుద్ధమున మడిసినట్లు చరిత్రకారులు నిర్ణయించినారు. పుత్రశోకముచే రాజ్యము వలదన్న విజయాదిత్యుని బెద్దలు బోధించి మరల నంగీకరింపఁజేసిరని శాసనము చెప్పుచున్నది. దానశాసనములలో మృతుల శోకమునకుఁ జోటు దొరకుట యరుదు. నే నెఱిఁగిన చాళుక్యశాసనములలో వంశావళిశ్లోకముల నడుమ నిట్టి మానుషమగు మాట మఱియొకటి లేదు.

చోళుల శాసనములలో నీ యుద్ధము వేఱు రూపమునఁ గనఁబడును. వీరరాజేంద్రుఁడు (1063-1070) తాను కల్యాణసేనాపతి చాముండరాజును వేంగిలోఁ జంపి, యాతని యేకపుత్రిక నాగలై ముక్కు కోయించితినని గొప్పగాఁ జెప్పుకొనెను. నెమలివంటి సొబగుగలదియని యామె యందమును వర్ణించి మఱీ చెప్పెను. ఇట్టి వాక్యమును ఱాతిపైఁ జెక్కించుటకు సిగ్గుపడని కాల మది. అటుపిమ్మట 1067 ప్రాంతమున విజయవాడయొద్దఁ గృష్ణాతీరమున మరల యుద్ధము జరిగెను. వీరరాజేంద్రుఁడు గెలిచి వేంగిని దిరిగి స్వాధీనపఱచుకొని, తన పాదములను శరణన్న విజయాదిత్యునికే దానిని దానము చేసితినని వ్రాయించెను.

ఇది వింతగాఁ దోఁపవచ్చును. జీవితమంతయుఁ గల్యాణమును నమ్ముకొన్నవాఁడు చోళుని కాళ్లపైఁ బడుటయేమి? ఆ చోళుఁడు తన యాఁడుబిడ్డ కొడుకైన రాజేంద్రుని, అనఁగా రాజరాజనరేంద్రునికి అమ్మంగదేవియందుఁ గలిగిన కుమారుని, ప్రక్కఁబెట్టి యాతని పగవాని కేల యిచ్చెను? కారణము తంజావూరి లోపలనే యున్నదని తలఁచెదను. అమ్మంగదేవి రాజేంద్రచోళుని కూఁతురు. ఆమె కొడుకున కొకప్రక్క వేంగియు, నొకప్రక్కఁ జోళరాజ్యమును సంక్రమింపఁజాలును. వేంగీబలము కూడ నాతని చేతికిచ్చినచో వీరరాజేంద్రుని సంతతికి ముప్పు తప్పదు. వృద్ధుఁడు, పుత్రహీనుఁడు నగు విజయాదిత్యుఁడు వేంగిలోనుండుటయే వీరరాజేంద్రునకు క్షేమము. విజయాదిత్యునకు నిది యనుకూలమే. కల్యాణమున సోమేశ్వరుఁడు 1068లో రోగపీడితుఁడై తుంగభద్రలో మునిఁగి ప్రాణములు విడిచెను. ఆతని కొడుకులిద్దఱు సింహాసనమునకై తగవులాడుచుండిరి. వారిలో విక్రమాదిత్యుఁడు వీరరాజేంద్రుని కూఁతురిఁ బెండ్లాడి యల్లుఁడయ్యెను. నమ్ముకొన్న యండయే శత్రువుతోఁ గలిసిపోయినపు డీ ముదుసలి యింక నెవరిఁ బట్టుకొని నిలువవలయును?

వీరరాజేంద్రుని యెత్తు పాఱలేదు. 1070లో నాతఁడు మరణించెను. కొడుకు అధిరాజేంద్రుఁడు బావమఱఁది విక్రమాదిత్యుని తోడ్పాటుతోఁ బట్టమెక్కియుఁ గొలఁదివారములకే హతుఁడయ్యెను. వేంగీరాజకుమారుఁడు రాజేంద్రుఁడు చక్రకూటప్రాంతమునందలి యుద్ధములు ముగించి వచ్చి, యా యేటి జూను నెలలోఁ జోళసింహాసన మధిష్ఠించి కులోత్తుంగుఁ డను పేరఁ బ్రసిద్ధుఁడయ్యెను.

కులోత్తుంగుఁడు రాజైన పిదప నీ వృద్ధుని స్థితి యేమి? ఇచటనే శాసనములు పరస్పరము విరుద్ధముగాఁ బలుకుచున్నవి. కళింగగాంగుల వ్రాఁత యొకటి. అనంతవర్మచోడగంగుని విశాఖపట్టణ తామ్రశాసనములలో నాతని తండ్రి రాజరాజదేవేంద్రవర్మను గీర్తించుచు, ముసలితనము పైఁబడిన విజయాదిత్యుఁ డాకసమును వీడు సూర్యునివలె వేంగిని వీడి చోడసముద్రమున మునుఁగఁబోవఁగా, నార్తరక్షకుఁడగు మా ప్రభువు చేయూఁత యిచ్చి పడమటిదిక్కునఁ జిరకాలము సిరి ననుభవింపఁజేసెనని వర్ణించిరి. పోలికలోని సొగసు నట్లుంచిన, చోళులచే నాతఁడు వేంగినుండి వెడలఁగొట్టఁబడెననియు, గాంగులు వారితోఁ బోరిరనియు నర్థమగును. గాంగసేనాని బాణపతి వేంగీరాజును జయించితినని 1075-76 నాఁటి దీర్ఘాసి శాసనమునఁ జెప్పుకొనుట యీ కథకుఁ జక్కఁగా నతుకుచున్నది.

ఇఁకఁ గులోత్తుంగుని వంశమువారి వ్రాఁత. ఆతని కుమారుఁడగు వీరచోడుని చెల్లూరు శాసనమునఁ గులోత్తుంగుఁడు కొడుకుతో మాటాడుచున్నట్లు కొన్ని శ్లోకములున్నవి. నేను దిగ్విజయమునకుఁ బోవఁదలఁచి, వేంగీరాజ్యభారమును మా పినతండ్రి విజయాదిత్యునిపై నుంచితిని. దేవసమానుఁడగు నాతఁడు పదునైదేండ్లు పాలించి స్వర్గస్థుఁడైనాఁడని వాని సారము. ఇందుఁ బగ లేదు, యుద్ధము లేదు, శక్తివర్మ లేఁడు. యాబదియేండ్ల వైరము పినతండ్రిపై గౌరవముగా మాఱినది. కాని వ్రాసినవా రొక సంఖ్యను వదలి, యదియే వారి కథను బయటపెట్టినది. విజయాదిత్యుఁడు మరణించినది 1076. అందుండి పదునైదేండ్లు వెనుకకు లెక్కించిన 1061 వచ్చును. 1061లోఁ గులోత్తుంగుఁడు తండ్రిని గోల్పోయి రాజ్యము లేక యున్న యువకుఁడు. ఎవనికిని దేనిని నిచ్చు స్థితిలో లేఁడు. ఆతఁడు దిగ్విజయమని పేర్కొన్న చోళపట్టాభిషేక మింకను తొమ్మిదేండ్లకుఁగాని జరుగలేదు. కావున నాతఁ డిచ్చెననుట కల్ల. విజయాదిత్యుఁడు గైకొనెననుట నిజము. రాజులకు వంశకథను దిద్దుట సులభమైనను, ప్రజలయు దేవాలయములయు దానపత్రములలో నప్పటికే నాటియున్న రాజ్యవర్షములను దిద్దుట సులభము గాదు.

చదువరులు గమనింతురుగాక. ఒక్క మనుష్యుఁడే ర్యాలిలోఁ గొడుకు చచ్చిన తండ్రి. వీరరాజేంద్రుని శాసనమున శరణాగతుఁడు. కళింగశాసనమున నస్తమించు సూర్యుఁడు. చెల్లూరులోఁ బూజ్యుఁడగు పినతండ్రి. నోలంబవాడి నేలిన విష్ణువర్ధన విజయాదిత్యుఁ డనువాఁడు కర్ణాటశాసనములలోఁ గనఁబడుచున్నాఁడు; ఆతఁ డీతఁడేయని కొందఱు, ఆహవమల్లుని కొడుకని కొందఱు వాదించుచున్నారు. ఈతఁడే యనుపక్షము నాకు బలవత్తరముగాఁ దోఁచును. గాంగశాసనము చెప్పు పడమటిదిక్కునకును నందువలన నర్థము గుదురును. అయినను ఇది తీఱిన వివాదము గాదు.

ఇక రాజ్యాపహారి యను మాట. విమలాదిత్యుని కొడుకు లిరువురిలో రాజరాజునకు సింహాసనమున నధికమగు హక్కుఁ గలిగించినది కుందవ్వ పుట్టినింటి సైన్యమే కాని వేఱు ధర్మము గాదు. విజయాదిత్యుఁడు పరసైన్యమును దెచ్చెననుట నిందయగుచో, నా నింద యన్నదమ్ముల కిరువురకును సమానము. ఒకఁడు కన్నడసేనను, నొకఁడు ద్రావిడసేనను దెచ్చిరి. రాజరాజునకు నన్నయభట్టు దొరకెను, విజయాదిత్యునకు దొరకలేదు. వేయేండ్లుగా మన యభిమానము నాతనికిఁ గాక యీతనికిఁ జెందుటకు నింతకంటె వేఱు కారణమును నేను గానఁజాలను.

1076 తరువాతఁ గులోత్తుంగుఁడు తన కుమారులను వరుసగా వేంగికిఁ బంపెను. మొదటివాఁడు రాజరాజ ముమ్మడిచోడుఁ డేడాది యుండి, తలిదండ్రుల పాదసేవకంటె రాజ్యసుఖ మెక్కువ గాదని తిరిగి పోయెనని చెల్లూరు శాసనము. పితృభక్తి యే కారణమో, విజయాదిత్యుఁడు వదలిన దేశమును బాలించుట కష్టమగుటయే కారణమో చెప్పలేము. పిదప వీరచోడుఁడును, రాజరాజచోడగంగుఁడును వచ్చిరి. 1118లో విక్రమచోళుఁడు తండ్రికిఁ దోడుగాఁ జోళదేశమునకు వెడలినంతనే వేంగి నాయకరహితమయ్యెనని 1202 నాఁటి పిఠాపుర స్తంభశాసనము వ్రాయుచున్నది. ఆ మాట మనకుఁ బరిచితమే. ఆ నాయకరహితకాలమునఁ గల్యాణపు విక్రమాదిత్యుని దండనాథుఁడగు అనంతపాలుఁడు వేంగి నాక్రమించియుండెను. దాక్షారామమునఁ జాళుక్యవిక్రమశకముతోఁ గూడిన శాసనములు నేఁటికిని గలవు.